మెరీనాలో సముద్రం అంత దూరమెందుకు?

వేసవి సెలవులకి నెల్లూరు నుంచో, తిరుపతి నుంచో, హైదరాబాదు నుంచో మద్రాసు వచ్చిన కుటుంబం మెరీనా చూడకుండా వెనక్కి పోదు. బస్సు దిగీదిగగానే పిల్లలు పరుగు లంకించుకుంటారు. కాసేపటికి రొప్పుతూ నడకకి దిగుతారు. బజ్జీల కొట్లు, గవ్వల కొట్లు, బుడగల్ని తుపాకీతో పేల్చే బల్లలు, రంగులరాట్నాలు అన్నీ దాటినా పాదాలకి నీళ్ళు తగలవు. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, ఇంత ఇసుక ఎక్కణ్ణించి వచ్చిందని. రోడ్డు నుంచి నీటి అంచుకి ఇక్కడ సగటున 300 మీటర్లు, బాగా వెడల్పైన చోట 400 మీటర్ల పైమాటే. మెరీనా ఉత్తరపు కొసనున్న నేపియర్ వంతెన నుంచి హార్బరు పక్కగా ఐదారు కిలోమీటర్లు ఉత్తరానికి పోతే రాయపురం వస్తుంది. అక్కణ్ణించి కాశిమేడు, తిరువొత్తియూరు, ఎన్నూరు. ఆ దారి పొడవునా చాలాచోట్ల ఇసుక అన్నదే ఉండదు. రోడ్డు పక్కన ఏనుగు గున్నలంతేసి నల్లరాళ్ళు గుట్టగా పోసి ఉంటాయి, కెరటాలు వాటి మీద విరుచుకుపడుతుంటాయి. ఊరు ఒకటే, సముద్రం ఒకటే. ఒకచోట పిల్లలు పరుగెత్తి అలిసిపోయేంత ఇసుక, ఇంకోచోట పడవ లాగి పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. ఈ రెంటినీ విడివిడిగా చూస్తే ఏదీ అర్థం కాదు. మెరీనాలో ఆగిపోయిన ఇసుకే ఉత్తరానికి అందకుండా పోయిందని ఈ అధ్యాయంలో చూపించబోతున్నాను. సెలవుల్లో ఏ బీచి బాగుంటుందని వెతుక్కునేవాళ్ళకి కూడా ఈ సంగతి పనికొస్తుంది.

వాలుగా ఊడ్చే చీపురు

ఒడ్డున నిలబడి చూస్తే కెరటాలు తిన్నగా మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది. కాస్త ఎత్తు నుంచి, అంటే లైట్‌హౌస్ పైనుంచి చూస్తే, చాలా రోజుల్లో అవి ఒడ్డుకి కొంచెం ఏటవాలుగా వస్తున్నాయని తెలుస్తుంది. ఆ కొంచెం వాలులోనే కథంతా ఉంది. వరండా ఊడ్చేటప్పుడు చీపురుని అడ్డంగా కాకుండా ఒక పక్కకి వాల్చి ఊడిస్తే ఏమవుతుంది? దుమ్ము ముందుకి పోతుంది, పోతూ పోతూ పక్కకి కూడా జరుగుతుంది. కెరటం చేసే పని అదే. విరిగిన అల ఇసుక గింజని ఎత్తుకుని ఏటవాలుగా ఒడ్డు ఎక్కుతుంది. ఎక్కే ఊపు అయిపోయాక ఆ నీరు వచ్చిన దారిన పోదు, ఒడ్డు ఎటు పల్లంగా ఉంటే అటు, తిన్నగా కిందికి జారుతుంది. గింజ ఎక్కినచోటు ఒకటి, దిగినచోటు ఒకటి. మళ్ళీ ఇంకో అల వస్తుంది, మళ్ళీ ఇంకో జానెడు పక్కకి. గింజ నడిచిన దారిని గీతగా గీస్తే రంపం పళ్ళలా ఉంటుంది. ఒక అలకి జానెడు చాలా తక్కువే. కానీ నిమిషానికి ఆరేడు అలలు, రాత్రీ పగలూ, ఏడాది పొడవునా. అల విరిగే చోట నీళ్ళలో తేలుతూ పోయే ఇసుక ఇంకా వేగంగా కదులుతుంది. దీన్నే ఇంజనీర్లు లాంగ్‌షోర్ డ్రిఫ్ట్ అంటారు. మనం 'ఒడ్డు వెంట ఇసుక నడక' అనుకుందాం.

ఏ వైపుకి నడుస్తుందన్నది గాలుల్ని బట్టి ఉంటుంది. ఇంచుమించు మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు దక్షిణం వైపు నుంచి వస్తాయి, ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనం వచ్చాక రెండు మూడు నెలలు తిరగబడి దక్షిణానికి నడుస్తుంది. పోయింది పోయినట్టే వెనక్కి వస్తే లెక్క సరిపోయేది. కానీ ఉత్తరానికి నడిచే నెలలే ఎక్కువ. అందుకని ఏడాది తిరిగేసరికి మన తూర్పుతీరంలో నికరంగా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరం వైపుకి జరుగుతుంది. ఒక టిప్పరు లారీకి పది ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే పదివేల లెక్కన లారీలు ఒడ్డు వెంట బారులు తీరి పోతున్నట్టు. నమ్మకం కుదరకపోతే ఒక ఖాళీ కొబ్బరిబోండాన్ని అల విరిగే చోటికి విసిరి చూడొచ్చు. జూన్‌లో అయితే చాలాసార్లు అది హార్బరు వైపుకి కొట్టుకుపోతూ కనిపిస్తుంది, డిసెంబరులో దక్షిణాన శాంథోమ్ వైపుకి.

అల వెనక్కి పోయిన వెంటనే తడి ఇసుక మీద వంగి చూస్తే ఇంకో సంగతి కనపడుతుంది. తెల్లటి, తేనెరంగు గింజల మధ్య సన్నగా నల్లటి చారలుంటాయి, అక్కడక్కడా ఎర్రటి పొడి. తెల్లవి ఎక్కువగా క్వార్ట్జ్, అంటే పలుగురాయి. నల్లవి ఇల్మెనైట్, మాగ్నెటైట్ లాంటి బరువైన ఖనిజాలు, ఎర్రవి గార్నెట్. చేటలో బియ్యం చెరిగితే తేలికైన ఊక ఎగిరిపోయి బరువైనవి మిగిలినట్టు, వెనక్కి జారే నీరు తేలిక గింజల్ని తీసుకుపోయి బరువైనవాటిని చారలుగా వదిలిపెడుతుంది. అయస్కాంతం ముక్క ఆడిస్తే ఆ నల్ల గింజల్లో కొన్ని అంటుకుంటాయి. ఇవేవీ సముద్రంలో పుట్టినవి కావు. ఎక్కడో లోపలి కొండల్లో రాయి పగిలి, నదుల వెంట దొర్లి, సముద్రంలో పడి, ఒడ్డు వెంట నడుచుకుంటూ వచ్చిన గింజలు.

అలాగైతే మద్రాసు నదులే ఈ ఇసుక తెచ్చి పోసి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. నగరంలో కూవం ఉంది, అడయారు ఉంది. కానీ ఆ రెండూ వానాకాలంలో తప్ప గట్టిగా పారని చిన్న ఏర్లు. వాటి ముఖాల దగ్గరికి వెళ్ళి చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. నదులే ఇసుక తెస్తుంటే ముఖం తెరుచుకుని ఉండాలి. ఇక్కడ అడ్డంగా ఇసుక తిన్నె పడి ముఖమే మూసుకుపోతుంటుంది, దాన్ని తవ్వి తెరవాల్సి వస్తుంది. నేపియర్ వంతెన కింద కూవం నీళ్ళు కదలకుండా నిలవుండి కంపు కొట్టడానికి మురుగు ఒక కారణమైతే, సముద్రం మేట వేసి తలుపు మూసెయ్యడం ఇంకో కారణం. అంటే ఇసుక వస్తున్నది సముద్రం వైపు నుంచి.

అడ్డుకట్ట పడిన ఏరు

మద్రాసుకి దేవుడిచ్చిన రేవు లేదు. 1640లో కోట కట్టిననాటి నుంచి రెండు వందల ఏళ్ళకి పైగా ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరు వేసుకుని ఊగుతుండేవి. సరుకూ మనుషులూ దిగాలంటే మసూలా పడవే గతి. మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టి చేసిన పడవ అది. బిగించిన పడవైతే కెరటం దెబ్బకి పగిలిపోతుంది, కుట్టిన పడవ బుట్టలా వంగి నిలదొక్కుకుంటుంది. ఎంతో తెలివైన పనితనం, అయినా పడవలు బోల్తా పడుతూనే ఉండేవి, ప్రాణాలు పోతూనే ఉండేవి. 1861లో నీళ్ళలోకి ఇనుప స్తంభాల మీద ఒక వారధి కట్టారు. స్తంభాల మధ్యనుంచి నీరూ ఇసుకా యథాప్రకారం పోయేవి కాబట్టి ఒడ్డుకి పెద్ద తేడా రాలేదు. అసలు మార్పు హార్బరుతో వచ్చింది. 1875 డిసెంబరులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ శంకుస్థాపన చేశాడు. విలియం పార్క్స్ గీసిన నమూనా ప్రకారం రెండు చేతులు చాచినట్టు రెండు రాతి గోడల్ని సముద్రంలోకి కట్టుకుపోయారు. పని ఇంచుమించు అయిపోతున్న సమయంలో 1881 నవంబరు తుపాను దాన్ని బద్దలు కొట్టింది. మళ్ళీ కట్టారు. ఆ రోజుల్లో ఎవరి దృష్టికీ పెద్దగా రానిది, దక్షిణపు గోడ అలల్నే కాక ఇసుక ఏటిని కూడా అడ్డంగా ఆపేసిందన్న సంగతి.

వ్యవసాయం తెలిసినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పారే కాలవకి అడ్డుకట్ట వేస్తే పైన నీళ్ళు నిండుతాయి, కింద ఎండుతుంది. ఇక్కడ కాలవలో పారేది ఇసుక. దక్షిణం నుంచి నడుచుకుంటూ వచ్చిన గింజలు గోడ దగ్గర ఆగాయి, వాటి వెనక వచ్చినవి వాటి వెనక ఆగాయి. మేట పెరుగుతూ నీళ్ళని ముందుకి నెట్టింది. దీనికి కొలబద్ద కావాలంటే రోడ్డుకి ఇవతల ఉన్న పాత కట్టడాల్ని చూడాలి. ఐస్‌హౌస్‌ని 1842లో కట్టారు. అమెరికాలో బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ ఓడల్లో పంపిన మంచుగడ్డల్ని నిలవ చెయ్యడానికది. మంచుని ఎండలో ఎక్కువ దూరం మోయలేరు కదా, అందుకే నీళ్ళకి దగ్గరగా కట్టారు. వివేకానందుడు 1897లో బస చేసింది ఆ ఇంట్లోనే. ఈ రోజు దాని ముందు నిలబడితే మధ్యలో వెడల్పాటి రోడ్డు, ఆ తరవాత ఎడారిలాంటి ఇసుక, ఎక్కడో చివర నీలంగా ఒక గీత. మంచుగడ్డ అంత దూరం మోసుకొస్తే సగం దారిలోనే కరిగిపోయేది. గవర్నరు గ్రాంట్ డఫ్ విహారానికి బాట వేయించి దానికి మెరీనా అని పేరు పెట్టింది 1880లలో, అంటే హార్బరు గోడలు లేచి మేట మొదలైన తరవాత. మద్రాసు తన గర్వంగా చెప్పుకునే ఈ బీచి చాలావరకు ఆ గోడ ఇచ్చినదే.

గోడ దగ్గర మేట అక్కడితో ఆగలేదు. ఇసుక గోడ చివరిదాకా నిండి, తిరిగి, తూర్పు వైపున్న హార్బరు ముఖద్వారంలోకే రావడం మొదలుపెట్టింది. ఓడలు రావడానికి కట్టిన వాకిలిని ఇసుక పూడుస్తుంటే 1904లో పోర్టు బాధ్యత తీసుకున్న ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఆ తూర్పు వాకిలి మూసేసి, ఈశాన్యం వైపుకి కొత్త వాకిలి తెరిపించాడు. ఇసుక ఎటు నుంచి వస్తోందో, ఎంత పట్టుదలగా వస్తోందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఒక పెద్ద హార్బరే దానికి వీపు తిప్పుకుని తలుపు మార్చుకోవలసి వచ్చింది.

కాలవ చివరి పొలం

ఇక కట్టకి కింది వైపు. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు ఒడ్డు దగ్గర అలలు తమ పని తాము మానలేదు. అక్కడున్న ఇసుకని యథాప్రకారం ఉత్తరానికి తోసుకుపోతూనే ఉన్నాయి. పోయినదానికి బదులు దక్షిణం నుంచి వచ్చేది మాత్రం ఆగిపోయింది. జీతం రాకపోయినా ఖర్చు ఆగని ఇంటి పరిస్థితి. ముందు ఇసుక పోయింది, తరవాత ఇళ్ళూ గుళ్ళూ రోడ్డూ అంచుకి వచ్చాయి. ఎన్నూరు వెళ్ళే రోడ్డు కోతకి గురై మరమ్మతులు చెయ్యాల్సి వచ్చింది. సెలవులకి వచ్చినవాళ్ళకి బీచి అంటే కాళ్ళు తడుపుకునే చోటు. జాలరికి అది పడవ లాగి పెట్టుకునే గూడు, వల ఎండేసి చిరుగులు కుట్టుకునే వసారా, చేపలు ఎండబెట్టుకునే కళ్ళం. ఒడ్డున గుంపుగా నిలబడి లాగే అలివి వలకి కాళ్ళు తన్ని పట్టడానికి ఇసుక వాలు కావాలి. రాళ్ళగుట్ట మీద నిలబడి అలివి వల లాగలేరు. ఇసుక పోతే ఆ వేట కూడా పోతుంది. మెరీనా అందాన్ని వర్ణించేటప్పుడు ఈ నష్టాన్ని అదే వాక్యంలో చెప్పాలని నేను అనుకుంటాను.

గోడే కారణమన్న ఈ వాదనకి మూడు అభ్యంతరాలు వినిపిస్తుంటాయి. మొదటిది, ఉత్తరాన కోతకి కారణం సముద్రమట్టం పెరగడమేనని. మట్టం పెరుగుతున్న మాట నిజం. 1900 నుంచి ప్రపంచమంతటా సగటున 20 సెంటీమీటర్ల దాకా పెరిగింది, ముందుముందు ఇంకా పెరుగుతుంది. కానీ సముద్రం తొట్టిలో నీళ్ళలాంటిది, హార్బరుకి ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గదు. మట్టమే కారణమైతే మెరీనా కూడా సన్నబడి ఉండాలి. అది వెడల్పయ్యింది. రెండోది, తుపానులు తినేశాయని. తుపాను ఒక్క రాత్రిలో ఒడ్డుని కోసేస్తుందన్నది కళ్ళారా చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అయితే మామూలు ఒడ్డులో తుపాను లోపలికి లాగిన ఇసుకని తరవాతి నెలల్లో చిన్న అలలు మెల్లమెల్లగా తెచ్చి మళ్ళీ పరుస్తాయి. వెనక నుంచి రాబడి లేనిచోట ఆ పూడిక సరిపోదు. తుపాను దెబ్బ కొడుతుంది, దెబ్బ మానకపోవడానికి కారణం వేరు.

మూడో అభ్యంతరం బలమైనది. ఒక్క మద్రాసుని చూసి సూత్రం చెప్పేస్తే ఎలా, కాకతాళీయం కావచ్చు కదా? అందుకే ఇంకోచోట కూడా అదే జరిగిందా అని చూడాలి. విశాఖ రేవు 1933లో తెరిచారు, 1976లో ఔటర్ హార్బరు వచ్చింది. రేవుకి ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచి కోతకి గురవుతూ వచ్చింది. ఒడిశాలో పారదీప్ రేవు 1966లో వచ్చింది, దానికి ఉత్తరపు ఒడ్డు కోసుకుపోయింది. పుదుచ్చేరిలో 1980ల చివర అరియాన్‌కుప్పం ఏటి ముఖం దగ్గర రెండు గోడలు కట్టారు. దక్షిణాన మేట, ఉత్తరాన ఊరి ముందున్న బీచి మాయం. కొన్నేళ్ళకే అక్కడి పిల్లలకి తమ ఊరికి ఒకప్పుడు ఇసుక ఒడ్డు ఉండేదని పెద్దవాళ్ళు చెబితే తప్ప తెలియని పరిస్థితి వచ్చింది. ఊర్లు వేరు, నేలలు వేరు, కట్టిన కాలాలు వేరు. ప్రతిచోటా గోడకి దక్షిణాన మేట, ఉత్తరాన కోత. ఇన్నిచోట్ల ఒకే వరసలో జరిగినదాన్ని కాకతాళీయం అనలేం.

రాళ్ళు పోస్తే ఆగుతుందా?

కోత మొదలైన ప్రతిచోటా ముందుగా గుర్తొచ్చేది రాయి. ఒడ్డు వెంట రాళ్ళు పోస్తే వాటి వెనకున్న ఇళ్ళు నిలబడతాయి, అందులో సందేహం లేదు. ఇల్లు పోతున్నవాడికి రాళ్ళు వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ రాయి ఇసుకని పుట్టించదు. పైగా వాలు ఇసుక మీద అల పాకి పాకి నీరసిస్తుంది, రాతి గోడకి కొట్టుకున్న అల ఇంకా బలంతోనే వెనక్కి తిరిగి గోడ అడుగున ఉన్న ఇసుకని తవ్వుకుపోతుంది. ఒడ్డు నుంచి నీళ్ళలోకి వేళ్ళు చాచినట్టు కట్టే చిన్న రాతికట్టల్ని గ్రోయిన్‌లు అంటారు. వాటి మధ్య కొంత ఇసుక నిలుస్తుంది. అయితే అవీ అడ్డుకట్టలే కాబట్టి, వరసలో చివరి గ్రోయిన్ దాటాక ఉన్న ఊరికి ఆకలి మొదలవుతుంది. ఆ తరవాతి ఊరూ రాళ్ళు అడుగుతుంది. ఎన్నూరు రేవు 2001లో వచ్చింది, దానికి పైన కాట్టుపల్లి రేవు. అక్కడికి ఉత్తరాన సముద్రానికీ పులికాట్ సరస్సుకీ మధ్య ఉన్నది ఇరుకైన ఇసుక పట్టీ. ఆ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోదే. మద్రాసు హార్బరు కథ మన గుమ్మందాకా వచ్చిందన్నమాట.

అలాగని హార్బరు కట్టకుండా ఉండాల్సిందని అనను. మసూలా పడవల్లో మునిగిపోయినవాళ్ళ ప్రాణాలు లెక్కలోకి తీసుకుంటే రేవు కావలసిందే. ఈ నగరం తిన్న తిండి, అమ్మిన సరుకు, రంగూన్‌కి వెళ్ళిన మన కూలీలూ తిరిగొచ్చిన కూలీలూ ఎందరో ఆ వాకిలి గుండానే పోయారు. నేననేది, గోడ కట్టినవాడు ఇసుకకి దారి కూడా చూపించాలని. ఆగిన ఇసుకని తీసి గోడ అవతల పొయ్యడం సాధ్యమే. పారదీప్‌లో ఆ ఆలోచన మొదటినుంచీ ఉంది. విశాఖలో రేవు దక్షిణపు గోడ దగ్గర ఇసుక పడేలా నీళ్ళలో ఒక గొయ్యి ఉంచి, డ్రెడ్జర్‌తో తోడి, ఆ ఇసుకని ఆర్.కె. బీచి వైపుకి గొట్టాల్లో పంపుతున్నారు. పుదుచ్చేరిలో చెన్నై పళ్ళికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, నియాట్, 2018–19లో నీళ్ళ అడుగున ఒక వాలు దిబ్బని నిలిపి, ఇసుక కూడా పోయించింది. అల ఆ దిబ్బ మీద ముందే విరిగి బలం తగ్గి ఒడ్డు చేరుతుంది, తెచ్చిన ఇసుకని వదిలిపెడుతుంది. ముప్ఫై ఏళ్ళ తరవాత అక్కడ మనుషులు మళ్ళీ ఇసుక మీద కూర్చున్నారు. ఇది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదని, ఏటేటా ఖర్చని అంటారు. నిజమే. హార్బరులో పూడిక కూడా ఏటేటా తీస్తున్నారు, దాన్ని ఎవరూ దండగ ఖర్చు అనరు. ఓడకి ఇచ్చే విలువే తిరువొత్తియూరు జాలరి పడవకీ ఇస్తే లెక్క సరిపోతుంది.

ఏ బీచికి వెళ్దాం?

హార్బరుకి దక్షిణాన ఉన్న బీచులన్నీ ఇసుక వచ్చే దారిలో ఉన్నవే. బెసెంట్ నగర్‌లో ఎలియట్స్ బీచి, తిరువాన్మియూరు, నీలాంకరై, ఇంకా కిందికి పోతే కోవళం, మహాబలిపురం. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కేది బెసెంట్ నగర్, నీలాంకరై ఇసుక మీదికే. రాళ్ళగుట్ట ఎక్కి గుడ్లు పెట్టలేవు పాపం. ఎక్కడికి వెళ్ళినా నీళ్ళతో ఒక జాగ్రత్త ఉంది. ఒడ్డుకి ఎక్కిన నీరంతా మళ్ళీ లోపలికి పోవాలి. అది అన్నిచోట్లా సమంగా పోదు, నీళ్ళలోపలి ఇసుక తిన్నెల మధ్య గండి ఎక్కడుంటే అక్కడికి చేరి పాయలా లోపలికి దూసుకుపోతుంది. దీన్ని రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నురుగు లేకుండా నెమ్మదిగా కనిపిస్తుంది. స్నానానికి అనువుగా ఉందని పిల్లలు దిగేది సరిగ్గా అక్కడే. ఆ పాయలో పడినవాడు ఒడ్డు వైపుకి ఎదురీదితే అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే పాయ వెడల్పు కొద్దిదే కాబట్టి బయటపడతాడు. మెరీనాలో పోలీసులు స్నానానికి దిగనివ్వకపోవడానికి తగిన కారణముంది. ఇసుక మీద ఉంటే చాలని కూడా అనుకోలేం, 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చినప్పుడు ఇంత వెడల్పైన ఇసుక కూడా అక్కడున్నవాళ్ళని కాపాడలేకపోయింది.

మద్రాసులో రెండు రోజులు ఉండేవాళ్ళు ఒక సాయంత్రం మెరీనాకి ఇచ్చి, మరుసటి పొద్దున ఉత్తరానికి కూడా ఒకసారి వెళ్ళొస్తే బాగుంటుంది. పిల్లల చేత అడుగులు లెక్కపెట్టించండి. మెరీనాలో రోడ్డు దగ్గర మొదలుపెట్టి నీళ్ళు తగిలేదాకా పెద్దవాళ్ళ అడుగులైతే నాలుగు వందలు అవుతాయి, పిల్లలవి ఇంకా ఎక్కువ. తిరువొత్తియూరులో లెక్క మొదలుపెట్టేలోపే రాళ్ళు అడ్డొస్తాయి. ఆ రాళ్ళ మధ్య సందుల్లోకి చూస్తే అక్కడక్కడా గుప్పెడేసి ఇసుక పడి ఉంటుంది, అదే తెల్ల గింజలు, అదే నల్లటి చార.